వంగిన నడుము, వడ్రంగి పెన్సిలు

వడ్రంగి చెవిసందున దోపుకునే లావుపాటి పెన్సిలు చూశారుగా? విన్సెంట్ వాన్ గోకి అదంటే ప్రాణం. నాజూకు బొమ్మలకు సన్నముక్కు చాలునేమో గాని, పార పట్టిన చేతిని గియ్యాలంటే మొద్దుముక్కే కావాలి. పెన్సిలు గీతకుండే మిలమిల ఆయనకు గిట్టేది కాదు. అందుకని బొమ్మ మీద పాలు, నీళ్లు కలిపి పోసేవాడు. మెరుపు చచ్చి, చిక్కటి నలుపు మిగిలేది. (మన ఇళ్లల్లో అయితే అమ్మలు ఊరుకుంటారా!)

1881లో, ఇరవై ఎనిమిదేళ్ల వయసులో, నెదర్లాండ్స్‌లోని ఎటెన్‌లో తల్లిదండ్రుల ఇంట ఉంటూ తవ్వేవాళ్లనీ విత్తేవాళ్లనీ గీశాడు. మానసిక గురువు ఫ్రాన్సు చిత్రకారుడు మిల్లే. నార్మండీ రైతుబిడ్డ ఆయన. 1857లో పరిగె ఏరుకునే ముగ్గురు ఆడవాళ్లను చిత్రించి పారిస్ పెద్దమనుషులకు ఒళ్లు మండించాడు. ఆయన గీసిన విత్తనాలు చల్లే మనిషిని విన్సెంట్ ఎన్నిసార్లు దిద్దుకున్నాడో!

అసలు పంట 1885 వేసవిలో, న్యూనెన్ పల్లెలో పండింది. అప్పటికి పెన్సిలు స్థానంలోకి నల్ల చాక్ వచ్చింది. పరిగె ఏరే ఆడమనిషిని వెనక నుంచి గీశాడు. ముఖం లేదు. ఉన్నదంతా వంగిన నడుము, బరువైన పావడా, నేలకు ఆనబోయే చెయ్యి. కొలతలు తప్పాయని అనేవాళ్లకు జవాబుగా, తవ్వేవాడిని ఫొటో తీస్తే వాడు తవ్వుతున్నట్టే ఉండడని తమ్ముడు థియోకు రాశాడు. నాకది పచ్చినిజం అనిపిస్తుంది. కెమెరాకు దొరికేది ఒక్క క్షణం. నడుంనొప్పి క్షణంలో పుట్టేది కాదు కదా.

ఆ బొమ్మలకు నిలబడ్డవాళ్లకు కూలి ముట్టేది. ఆ డబ్బు థియో పంపిందే. అది ఊరి క్యాథలిక్ ఫాదరుకు నచ్చలేదు. బొమ్మలకు నిలబడొద్దని తన చర్చివాళ్లకు చెప్పి, మానుకుంటే డబ్బిస్తానని కూడా ఆశపెట్టాడట. ఆయన ముందు చెయ్యి చాచడం కంటే చిత్రకారుడి దగ్గర సంపాదించుకోవడమే నయమని వాళ్లు బదులిచ్చారని విన్సెంటే రాసుకున్నాడు. అయినా చివరికి మనుషులు దొరకడం కష్టమైంది. ఆ నవంబరులో ఆయన న్యూనెన్ విడిచి ఆంట్వెర్ప్ వెళ్లిపోయాడు. మళ్లీ నెదర్లాండ్స్‌కు తిరిగి రాలేదు.