గుల్దాన్ చుట్టిన కాగితం

మా ఇంటికి కొత్తగా వచ్చినవాళ్లు ముందుగదిలో అల్మారీ చూసి ఒకటే మాట అడుగుతారు: "మీరు నవాబుల ఖాందానా?"

అల్మారీ నిండా పాత గుల్దాన్లు, పింగాణీ జాడీలు, చేత్తో చేసిన మట్టి గిన్నెలు. మొత్తం ముప్పై ఏడు. మేం నవాబులం కాదు. అబ్బా మణుగూరు ఓపెన్ కాస్ట్‌లో డంపర్ నడిపాడు. దాదా వరంగల్ దగ్గరి పల్లెలో దూది ఏకాడు. నవాబులు ఏలినప్పుడూ ఏకాడు, వాళ్లు పోయాకా ఏకాడు. ముస్లిం ఇంట్లో ఒక అందమైన వస్తువు కనబడితే దానికి వెంటనే ఒక నవాబు కావాలి. చింకి చాప కనబడితే మాత్రం ఎవరూ ఏ ఖాందానూ అడగరు.

నవాబు వస్తువులు చూడాలంటే సాలార్‌జంగ్ మ్యూజియానికి పోవాలి. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ 1949లో చనిపోయాడు, 1951లో ఆయన సేకరణ మ్యూజియం అయింది. మేమూ పోయాం, టికెట్ కొనుక్కొని, అందరిలాగే అద్దాల బయట నిలబడి చూశాం. అక్కడి చీనా పళ్లేల్లో విషం పడితే అవి పగులుతాయనో రంగు మారుతాయనో పాతకాలపు నమ్మకం. దాదా గిన్నెలో విషం పోసేంత పని ఎవరికుంది? గంజి పోసేవాళ్లుంటే చాలు.

మా అల్మారీలో మొదటిది అమ్మీది. జహేజ్‌లో వచ్చింది. జానెడు ఎత్తు, తెల్లటి ఒళ్లు, మెడకు నీలం గీత, పొట్ట మీద రెండు గులాబీలు. అడుగున ముద్ర సగం చెరిగి 'ఖుర్జా' అని మాత్రం మిగిలింది. ఉత్తరప్రదేశ్‌లో బులంద్‌షహర్ జిల్లా ఊరది. ముల్తానీ కుమ్హార్లనే ముస్లిం కుమ్మరి కుటుంబాలు తరాలుగా అక్కడ చక్రం తిప్పుతున్నాయి. గుల్దాన్ టీవీ మీద, క్రోషియా గుడ్డ మీద ఉండేది. అందులో ప్లాస్టిక్ పూలు. ప్రతి రంజాన్‌కూ వాటిని సర్ఫ్ నీళ్లలో కడిగి ఎండబెట్టేది అమ్మీ.

1992 డిసెంబర్‌లో వారం పది రోజులు ముందుగది తలుపు సగమే తెరిచాం. గోడ మీద అల్లా పేరున్న తుగ్రాను అమ్మీ తీసి లోపలిగదిలో పెట్టింది. ఎవరూ తీయమనలేదు. ఎవరూ మా మీదికి రాలేదు కూడా. కానీ తీసిన చోట మేకు మిగిలింది, చుట్టూ సున్నం తెల్లగా మిగిలింది. వచ్చినవాళ్ల కళ్లు అక్కడికే పోతున్నాయనిపించింది. అమ్మీ స్టూలు తెచ్చి, దాని మీద స్టీలు డబ్బా, దాని మీద గుల్దాన్ పెట్టి పూలతో ఆ మచ్చ కప్పింది. అప్పటికి మేం బడిపిల్లలం. వస్తువులను అట్లా చూడడం ఆ రోజు మొదలైందనుకుంటాం.

(ఉర్దూలో 'హమ్' అంటే మేమూ, నేనూ కూడా. అమ్మీ తన ఒక్కదాని గురించీ 'హమ్' అనే అంటుంది. మేం అట్లనే రాస్తున్నాం.)

తర్వాత బి.ఏ., తర్వాత పత్రిక ఉద్యోగం. పని మీద హైదరాబాద్ పోయినప్పుడల్లా గురువారం కలిసొస్తే పురానాపూల్ దగ్గర జుమేరాత్ బజార్‌కు పోయేవాళ్లం. రోడ్డు మీద పరిచిన పట్టాల మీద తాళాలు, తలుపు గడియలు, ఎవరిదో పెళ్లి ఫోటో, వాటి మధ్య ఒక గుల్దాన్. బేరం ఉర్దూలో చేస్తే పది రూపాయలు తగ్గుతుంది. తెలుగు పత్రికలో పనిచేస్తామంటే అదే పది పెరుగుతుంది.

వస్తువును ముందు తిరగేసి చూడాలి. అడుగున మెరుగు పూయని చోట మట్టి అసలు రంగు తెలుస్తుంది. పక్కన నిలువుగా సన్నని గీత తగిలితే అచ్చులో పోసింది. లోపలికి వేళ్లు పెడితే మెట్లు మెట్లుగా చుట్లు తగిలితే చక్రం మీద లేచింది. గోటితో కొడితే కుమ్మరి ఆవంలో వెయ్యి డిగ్రీల లోపు కాలిన మట్టి 'టప్' అంటుంది. పన్నెండు వందలు దాటి కాలిన స్టోన్‌వేర్ ఖంగుమంటుంది. అది నీళ్లు పీల్చదు. మన కూజా పీల్చి చెమర్చుతుంది కనుకే ఎండాకాలం చల్లగా ఉంటుంది. మణుగూరు ఎండలో ఏది గొప్పదో మమ్మల్ని అడగక్కర్లేదు.

కూజా అన్నాం కదా, ఆ మాట పారసీది. సురాయి కూడా అటునుంచి వచ్చిందే. పింగాణీకి మూలం పారసీ 'పింగాన్'. ఆవకాయ జాడీని మా ఇంట్లో మర్తబాన్ అంటాం. అది బర్మా రేవు పేరు. అక్కడినుంచి ఓడల్లో వచ్చిన పెద్ద జాడీలకు ఆ ఊరి పేరే నిలిచింది. పద్నాలుగో శతాబ్దంలోనే ఇబ్న్ బతూతా వాటి గురించి రాశాడు. అదే గోధుమరంగు మూత, అదే తెల్లటి పొట్ట, అదే మామిడికాయ. మీ ఇంట్లో జాడీ, మా ఇంట్లో మర్తబాన్. మాటలు మీ వంటింటి దాకా వచ్చి కూర్చున్నాయి. మనుషులం వీధిలో ఆగిపోయాం.

ఎందుకంటున్నామో చెబుతాం. కొన్నేళ్ల కింద ఇల్లు మారాల్సి వచ్చింది. తోటి విలేకరి ఒకరు ఇల్లు చూపించారు. యజమాని పేరు అడగలేదు, 'రిపోర్టర్ సార్' అంటే సరిపోయింది. "మీ తెలుగు చాలా బాగుంది సార్" అని కూడా మెచ్చుకున్నాడు. అడ్వాన్స్ తీసుకున్నాడు. సామాను దించుతుంటే వచ్చి వరండాలో నిలబడ్డాడు. మేం డబ్బా తెరిచి ఒక్కో గుల్దాన్ విప్పుతున్నాం. అమ్మీ వాటన్నిటినీ సియాసత్ పేపర్లలో చుట్టింది. ఆయన ఒక కాగితం తీసి అటూ ఇటూ తిప్పాడు.

"ఇదేం భాష సార్?"

"ఉర్దూ."

"అంటే మీరు..."

"అవును."

ఇంకేం మాట్లాడలేదు. సాయంత్రం ఫోన్ వచ్చింది. వాళ్ల అల్లుడుగారికి బదిలీ అయిందట, ఇల్లు వాళ్లకే కావాలట. అడ్వాన్స్ రూపాయి తగ్గకుండా తిరిగిచ్చాడు. తిట్టలేదు, అవమానించలేదు. చాయ్ కూడా ఇచ్చాడు.

ఆ ఇల్లున్న నేల సంగతి చెప్పాలి. ఇది ఏజెన్సీ. 1959 భూబదలాయింపు నిబంధనలను 1970లో సవరించారు. జనం నోట్లో '1/70' అంటే అదే. దాని ప్రకారం గిరిజనేతరుల పేరిట ఇక్కడ భూమి బదలాయింపు చెల్లదు. నేల కోయలది. బొగ్గు తెలిసాక అబ్బా వచ్చాడు, ఆ యజమాని నాన్నా వచ్చాడు. భారజల కర్మాగారం 1991లో మొదలైతే ఇంకొందరు వచ్చారు. అందరం వలస వచ్చినవాళ్లమే. అందులో మళ్లీ బయటివాళ్లు మేమే ఎట్లయ్యామో ఆలోచించి చూడండి. కోయవాళ్లెవరూ మమ్మల్ని ఏ భాష అని అడగలేదు.

తిరిగి లారీకెత్తేటప్పుడు ఒకటి పగిలింది. తురాయి నీలం రంగు గిన్నె, ఢిల్లీ బ్లూ పాటరీ తరహాది. ఆ నీలం వెనక ఒక కథ ఉంది. సర్దార్ గురుచరణ్ సింగ్ 1919లో జపాన్ వెళ్లి కుండలు చేయడం నేర్చుకున్నాడు. బెర్నార్డ్ లీచ్, హమాదా లాంటివాళ్లను అక్కడే కలిశాడు. మన దేశంలో స్టూడియో పాటరీకి ఆద్యుడంటారు, 1991లో పద్మశ్రీ ఇచ్చారు, 1995లో పోయాడు. గొప్పవాడే, కాదనం. కానీ ఆ నీలం మెరుగు ఆయనకు జపాన్‌లో దొరకలేదు. ఢిల్లీలో అబ్దుల్లా అనే పఠాన్ కుమ్మరి దగ్గర దొరికింది. సర్దార్‌జీకి ఇంటిపేరు, పుట్టిన తేదీ, పతకం ఉన్నాయి. అబ్దుల్లాకు పుస్తకాల్లో ఒక పేరూ ఒక జాతీ మిగిలాయి. పనిచేసిన చేతులకు ఎక్కడైనా అంతే అనుకోవచ్చు. మేం అనుకోలేకపోయాం.

పగిలిన గిన్నెను ఆరాల్డైట్‌తో అతికించాం. అతుకు కనబడకుండా గోడవైపు తిప్పి పెట్టాం. తర్వాత మళ్లీ తిప్పాం, అతుకు ముందుకు.

ఇప్పుడుంటున్న ఇంటి ఓనరమ్మ మంచిది. ఒకరోజు మర్తబాన్ ఎత్తి చూసి "మా అమ్మదీ ఇట్లనే ఉండె, అచ్చం ఇదే" అంది. అమ్మీ మూత తీసి ఒక గరిటె పచ్చడి పెట్టిచ్చింది. అయినా కిందటి నెల ఆమె కొడుక్కి పెళ్లి కుదిరింది, పై వాటా కావాలంది. ఆమెది నిజమైన కారణమే, పత్రిక కూడా ఇచ్చింది.

మళ్లీ గుల్దాన్లు దించుతున్నాం. అమ్మీ మంచం కింద దాచిన సియాసత్ కట్ట బయటికి తీసింది. మేం ఆఫీసు నుంచి తెలుగు పేపర్లు తెచ్చాం, మేం రాసిన వార్తలున్నవే. ఆమె కాసేపు చూసి, "వీటికేమైంది బేటా?" అంది, తన కట్ట మీద చెయ్యి పెట్టి.