పాలపళ్ల పందెం

సంక్రాంతికి నరసరావుపేట వైపు ఎడ్ల బండలాగుడు పోటీలకెళ్లా. జనమంతా సీనియర్స్ జతల కోసం ఎదురుచూస్తుంటే నా కళ్లు మాత్రం పాలపళ్ల విభాగం మీదే.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నా: ఒంగోలు గిత్త వయసుకి ఆధార్ కార్డు దాని నోరే. పైదవడకి ముందుపళ్లుండవు, కింద ఎనిమిది. రెండేళ్ల ప్రాయంలో పాలపళ్లు జతలు జతలుగా రాలి పెద్దపళ్లు రావడం మొదలవుతుంది. అందుకే పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు, ఆరు, చివరికి సీనియర్స్ అని విభాగాలు. పళ్లు పెరిగేకొద్దీ బండ బరువూ పెరుగుద్ది. గడువులోగా ఎన్ని అడుగులు లాగితే అదే లెక్క.

ఓ పెద్దాయన తన పాలపళ్ల జతలో ఒక గిత్త పెదవి కిందకి లాగి, బొటనవేలితో తడిమి, "ఇంకా కదల్లా" అన్నాడు, మనవడి పన్ను చూసినట్టు.

బరిలోకి దిగగానే ఈలలకి బెదిరి ఆ జత అడ్డం తిరిగింది. తోలే కుర్రాడు కర్ర ఎత్తబోయాడు.

"కొట్టమాకరా! ముందు నీ గొంతు గుర్తుపట్టనీ" అని అరిచాడు పెద్దాయన.

అమెరికాలో కౌబాయ్ గుర్రాల పోటీల్లోనూ కొత్తవాళ్లకి విడిగా విభాగాలుంటాయి. మన దగ్గర ఆ మర్యాద గిత్తలకే. మనుషులకి మాత్రం ఎల్‌కేజీ నుంచే సీనియర్స్ బండ!