వరస కట్టిన పరమాణువులు

తిరుమల క్యూలో నిలబడ్డవాళ్ళకి ఒక సంగతి బాగా తెలుసు. అక్కడ పక్కనుంచి దాటుకుని ముందుకెళ్ళడం కుదరదు. వెనకెవరో ఒక్క తోపు తోస్తే అది ముందుదాకా పాకుతుంది. మైదానంలో జనం వేరు, క్యూలో జనం వేరు. పరమాణువులూ అంతే. ఒకే డైమెన్షన్‌లో ఉన్న పదార్థం మన ప్రపంచానికి చిన్న నమూనా కాదు, అదొక వేరే ప్రపంచం అంటాను నేను.

ముందు కంపనాల సంగతి. కార్బన్ నానోట్యూబు అంటే ఒక్క పరమాణువు మందమున్న కార్బన్ రేకుని గొట్టంలా చుట్టినట్టుండేది. వ్యాసం సుమారు 1 నానోమీటరు. ఈ గొట్టం ఊపిరి తీస్తున్నట్టు ఉబ్బుతూ తగ్గుతూ ఉంటుంది. లేజరు వేసి, చెదిరొచ్చిన కాంతిని రామన్ పద్ధతిలో పరీక్షిస్తే ఆ ఊపిరి ఒక గీతగా కనపడుతుంది. 1 నానోమీటరు గొట్టానికి సెంటీమీటరుకి దాదాపు 248 తరంగాల దగ్గర, 2 నానోమీటర్ల దానికి అందులో సగం దగ్గర. చిన్న గంట సన్నగా, పెద్ద గంట బొంగురుగా మోగినట్టన్నమాట. గీతని చూసి గొట్టం లావెంతో చెప్పెయ్యొచ్చు!

ఇలాంటి కంపనాల్లో ఏవి రామన్ కాంతికి కనపడతాయో గ్రూప్ థియరీతో లెక్కకడతారు. స్ఫటికాలకి ఆ లెక్కని 1939లోనే చేసి చూపించినవాళ్ళు మన ఆంధ్ర విశ్వవిద్యాలయం వాళ్ళే. సూరి భగవంతం, టి. వెంకటరాయుడు.

ఇక అయస్కాంతత్వం. క్యూలో ఒకడు తూర్పుకీ, పక్కవాడు పడమరకీ చూస్తున్నారనుకోండి. మధ్యలో ఒకణ్ణి తిప్పితే వరసగా ముగ్గురు ఒకే వైపు చూస్తుంటారు. అంటే తప్పు జోడీలు రెండు పుట్టాయి. అవి చెరో దిక్కుకీ నడిచి వెళ్ళిపోతాయి. మామూలు అయస్కాంతంలో ఈ మార్పు చీలకుండా ఒకే అలగా పాకుతుంది. వరసలో మాత్రం రెండు సగాలవుతుంది. వీటినే స్పినాన్లు అంటారు. పొటాషియం, రాగి, ఫ్లోరిన్ కలిసిన ఒక స్ఫటికంలో పరమాణువుల అయస్కాంతాలు ఇలాగే వరసలు కట్టి ఉంటాయి. 1990లలో దానిమీద న్యూట్రాన్లు వేసి స్పినాన్ల జాడ పట్టుకున్నారు.

మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకో అలవాటుంది. పెద్ద సమస్యని చిన్న టెస్టు కేసుగా కుదించి, అక్కడ తేలిందే అంతటా నిజమనుకుంటాం. ఎర్న్‌స్ట్ ఐసింగ్ 1925లో అదే చేశాడు. వరసలో అయస్కాంతత్వం నిలవదని సరిగ్గానే తేల్చి, మూడు డైమెన్షన్లలోనూ అంతే అనేశాడు. రెండో డైమెన్షన్ చేరిస్తే చాలు, అయస్కాంతత్వం నిలుస్తుందని తర్వాత తేలింది. 1944లో ఆన్సాగర్ దాన్ని కచ్చితంగా లెక్కకట్టి చూపించాడు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మా అన్నయ్య కొడుకు ఎమ్మెస్సీ ఫిజిక్సు చేస్తానంటున్నాడు. "దాంతో ఏమొస్తుందిరా? నువ్వైనా వాడికి నచ్చజెప్పు" అని అన్నయ్య రోజూ ఫోను. వాళ్ళు లెక్కేస్తున్నదల్లా ఒక్క గీతమీదే, జీతం అనే గీత. అందులో తేలింది తప్పని నేననను, జీతాల లెక్క నాకూ తెలుసు. కానీ వాడి బతుక్కి ఇంకా చాలా డైమెన్షన్లున్నాయి కదా! నేనైతే వాడికి నచ్చజెప్పను. మీరేమంటారు?