ఒక కాడి, రెండు బ్యాటరీలు

ఇంగ్లండు దేశమున సెలవు దినములలో కారు వెనుక చక్రముల యిల్లు కట్టుకొని విహరించు కుటుంబములు పెక్కు కలవు. ఆ యింటిని కారవాన్ అందురు. అందు పడకలు, పొయ్యి, నీళ్లతొట్టి, దీపములు అన్నియు నుండును. ఏర్పాట్లు గల విడుదులలో విద్యుత్తు తీగ తగిలించుకొనవచ్చును. రైతుల పొలములలో దిగినప్పుడు మాత్రము ఆ కాపురమంతయు ఒక బ్యాటరీ మీదనే జరుగవలెను. కారును కదలించు బ్యాటరీ క్షణకాలము పెద్ద బలము చూపి విశ్రమించును. ఇదియో, దీపమునకును పంపునకును కొంచెము కొంచెముగా గంటల తరబడి శక్తి నిచ్చుచుండును. దీనికి లీజర్ బ్యాటరీ, అనగా విరామపు బ్యాటరీ యని పేరు. సోదరీమణులారా! పేరునందే విరామము గాని, మన గృహిణులకు వలెనే దానికిని తీరిక లేదు.

2024 జూన్ నెలలో అమ్మను వెంటబెట్టుకొని నేను ఆ దేశమందున్న మా చెల్లెలి యింటికి వెళ్లితిని. అందఱము లేక్ డిస్ట్రిక్టునందు ఒక పొలమున మూడు రాత్రులు విడియవలెనని చెల్లెలు కోరినది. అమ్మకు నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చు జబ్బు కలదు. రాత్రి ముఖమునకు తొడుగు పెట్టి గాలి నందించు యంత్రము నడువక తప్పదు. "నా మూలమున మీకు వ్యయమేల? నేనింటనే యుందును" అని అమ్మ యన్నది. చెల్లెలు మాటాడక మొగము త్రిప్పుకొన్నది. అమ్మ వచ్చుటయు మానుటయు ఆ బ్యాటరీ లెక్కమీద నిలిచినది.

మరిదితో కూర్చుండి లెక్క వేసితిమి. గాలిని తడిపి వెచ్చజేయు భాగమును వైద్యుని యనుమతితో ఆపినచో, ఆ యంత్రమునకు 40 వాట్లు చాలును. 8 గంటల నిద్రకు 320 వాట్ గంటలు. 12 వోల్టుల బ్యాటరీనుండి యిది సుమారు 27 ఆంపియర్ గంటలు. దీపములకు, పంపునకు మఱి 15 కలిపిన దినమునకు 42. బ్యాటరీపై 100 అని వ్రాసియున్నను, సీసపు బ్యాటరీని సగమునకు మించి తఱచుగా వాడినచో దాని యాయువు తఱిగిపోవును. కావున చేతికి వచ్చునది 50 మాత్రమే. ఒక రాత్రికి సరిపోవును, రెండవ రాత్రికి చాలదు. రెండు బ్యాటరీలున్నచో 100 లభించును. కప్పుమీది సౌరఫలకము పగలు పోయు శక్తితో మూడవ రాత్రియు గడచును.

"వదినగారూ! ఉన్నదానికి అయిదేండ్లు నిండినను పనిచేయుచునే యున్నది. క్రొత్తది యొక్కటి కొని దాని ప్రక్కన చేర్చెదను" అని మరిది యనెను. ఆ మాట విని అమ్మ, "ముసలి యెద్దును కోడెను ఒక కాడికి కట్టి దున్నినవారు గలరా, నాయనా?" అన్నది.

శాస్త్రమును ఆమె మాటనే బలపఱచుచున్నది. రెంటిని కలిపి యుంచినప్పుడు, లోపల శక్తి యూరక హరించిపోవు పాతదానిని క్రొత్తది సదా పోషించుచుండవలెను. చార్జరునకు రెండును ఒక్కటిగనే తోచును గనుక ఏ యొక్కదాని యవసరమును సరిగా తీరదు. పాతదానిలో ఒక గది చెడి లోపలనే కలిసిపోయినచో, క్రొత్తదాని శక్తి యంతయు దానిమీదికి ఉఱికి వేడి పుట్టి ప్రమాదము కలుగును. కొన్నాళ్లకు రెండును చెడును. సగము మిగిల్చితిమన్న పొదుపు చివరకు రెట్టింపు వ్యయమగును.

కావున ఒకే తయారీవి, ఒకే పరిమాణముగలవి రెండు క్రొత్త బ్యాటరీలు ఒకే దినమున కొనబడినవి. ధన కొనను ధన కొనతోను, ఋణ కొనను ఋణ కొనతోను కలుపవలెను. అట్లయిన వోల్టులు పండ్రెండే యుండి నిలువ రెట్టింపగును. ధనమును ఋణముతో వరుసగా గొలుసు కట్టినచో 24 వోల్టులై కారవాన్‌లోని దీపములు మాడిపోవును. ఇంటికి పోవు తీగలలో ఒకటి మొదటిదాని ధన కొననుండియు, రెండవది రెండవదాని ఋణ కొననుండియు తీయవలెను. అప్పుడే భారము రెంటిపై సమముగా పడును. ప్రతిదాని ధన కొన చెంతను ఫ్యూజు నుంచవలెను. చార్జింగువేళ హైడ్రొజన్ వాయువు వెలువడును గనుక పెట్టెకు బయటిగాలి యాడు మార్గముండవలెను. ఒక్కొక్కటి సుమారు 25 కిలోల బరువు. బండి మోయదగిన బరువునకు హద్దు కలదు గనుక చెల్లెలు ఇనుప పెనములను, మడత కుర్చీలను ఇంటనే విడిచినది.

మూడవ రాత్రి గడచిన యుదయమున వాడుక ఆపి, కొంతసేపైన పిమ్మట మీటరు చూచితిమి. 12.3 వోల్టులు చూపినది. నిండుగా నున్నప్పుడు 12.7, సగమైనప్పుడు 12.2 అని గుర్తు. అమ్మ మూడు రాత్రులును సుఖముగా నిద్రించినది.

మన యిండ్లలో ఇన్వర్టరునకు రెండు బ్యాటరీలను వరుసగా కట్టువారికిని ఈ జాగ్రత్తయే వలయును. అందు ఒకే ప్రవాహము రెంటిగుండ పోవును గనుక, బలహీనమైనది ముందుగా అడుగంటిపోయి పాడగును. ఒకటి చెడెనని ఒక్కదానినే మార్పక, వాటి వయస్సును విచారించుట మేలు. పాతదానిని పాఱవేయనక్కఱలేదు. మరిది దానిని పెరటి కొట్టములో ఒక చిన్న దీపమునకు విడిగా నమర్చెను. ఈడు మీఱినవారికి వేఱుగా, తేలికయైన పని యొకటి చూపుట న్యాయమని అమ్మ సంతోషించినది. ఊరికి తిరిగివచ్చిన మఱునాడే, చింతపండు గింజలు తీయు పని తనదేయని చెప్పి, బుట్ట నా చేతినుండి తీసికొన్నది.