పదకొండంగుళాల నీరు

అమెరికాలో కారు వెనుక తగిలించుకుని ఊరూరా తిరిగే ట్రైలరు ఇళ్లలో వంట పొయ్యి, వేడినీళ్ల బాయిలరు, గదిని వెచ్చబెట్టే ఫర్నేసు సాధారణంగా ప్రొపేన్ వాయువుతో నడుస్తాయి. బండి ముందు కొసన రెండు సిలిండర్లు, వాటి నడుమ అరచేతిలో ఇమిడే రెగ్యులేటరు ఉంటాయి. 21 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రతలో సిలిండరు లోపలి ఒత్తిడి చదరపు అంగుళానికి సుమారు 110 పౌండ్లు. పొయ్యికి కావలసినది అర పౌండు కూడా కాదు. అంత స్వల్పమైన ఒత్తిడిని పౌండ్లలో చెప్పడం కుదరదు గనుక, అది ఎన్ని అంగుళాల నీటిని పైకి నెట్టగలదో చెబుతారు. ఆ లెక్క 11 అంగుళాలు. మన వంటింటి సిలిండరు రెగ్యులేటరుకూ ఇంచుమించు అంతే, సుమారు 30 సెంటీమీటర్ల నీరు.

2019 నవంబరులో తెనాలికి చెందిన ఒక విశ్రాంత భౌతికశాస్త్రోపాధ్యాయుడు, ఆయన భార్య, కూతురు, అల్లుడు, నాలుగేళ్ల మనుమరాలు ఒక అద్దె ట్రైలరులో గ్రాండ్ కాన్యన్ దక్షిణపు అంచుకు వెళ్లారు. ఆ చోటు సముద్రమట్టానికి దాదాపు 7,000 అడుగుల ఎత్తు. వారు దిగిన మాథర్ విడిదిలో బండ్లకు విద్యుత్తు అందించే ఏర్పాటు లేదు. రాత్రి తొమ్మిదింటికే చలి సున్నాకు దిగింది. ఫర్నేసు పంకా తిరుగుతున్నది, టిక్కు టిక్కుమని నిప్పురవ్వ చప్పుడు వినిపిస్తున్నది, మంట మాత్రం అంటుకోవడం లేదు.

"సిలిండరు అయిపోయి ఉంటుంది మామయ్యగారూ," అంటూ అల్లుడు బయటకు పరుగెత్తి, రెండో సిలిండరుకు మార్చి, దాని వాల్వును ఒక్క ఊపున తెరిచాడు. లోపల పొయ్యి మీట తెరిచే ఉన్నది. దానితో అంతకుముందు కాస్తో కూస్తో వెలిగిన పొయ్యి కూడా మిణుకుమిణుకుమని కొడిగట్టింది.

అక్కడి సిలిండర్ల బిగింపులో ఒక రక్షక సాధనం ఉంటుంది. వాయువు ఒక్కసారిగా ఉరికితే గొట్టం తెగిందని భావించి అది దారిని దాదాపు మూసివేస్తుంది. తొందరపడి వాల్వు తెరిచిన వారినీ అది అలాగే శిక్షిస్తుంది. ఇలా తొందర వల్ల పుట్టిన కొత్త దోషం అసలు దోషాన్ని కప్పివేస్తుంది. చాలామంది తికమక పడేది ఇక్కడే.

"చలికి గ్యాసు గడ్డకట్టిందేమో," అన్నది ఇల్లాలు. మన సిలిండర్లలో బ్యూటేన్ కూడా కలిసి ఉంటుంది. అది సున్నా దగ్గరే ఆవిరి కావడం మానుతుంది గనుక ఆమె అనుమానం అర్థం లేనిది కాదు. కాని ప్రొపేన్ సున్నాకు దిగువన 42 డిగ్రీల దాకా ఆవిరవుతూనే ఉంటుంది. పంకా జోరుగా తిరుగుతున్నది గనుక బ్యాటరీ తప్పూ కాదు.

మాస్టారు అన్ని మీటలూ కట్టించి, సిలిండరు మూయించి, కొన్ని నిమిషాలు ఆగి, వాల్వును మెల్లగా తెరిపించారు. ఒక బర్నరు నిండుగా, నీలంగా వెలిగింది. రెండోది వెలిగించగానే మొదటిది కుంగిపోయింది. తిరిగి మొదటి సిలిండరుకు మార్చి చూసినా అదే తీరు. దోషం సిలిండర్లలో ఉంటే రెంటిలోనూ ఒకేలా ఉండదు. ఆ రెంటికీ ఉమ్మడిగా ఉన్నది రెగ్యులేటరు ఒక్కటే. దానికి గాలి తీసుకునే చిన్న రంధ్రం ఉంటుంది. అది నేలవైపు తిరిగి ఉండాలి. మంచు గాని, పురుగులు పెట్టిన మట్టిగూడు గాని దానిని మూయరాదు. టార్చి వేసి చూశారు. రంధ్రం శుభ్రంగానే ఉన్నది.

"మూత కింద స్క్రూ ఉందండీ. కాస్త బిగిస్తే ఒత్తిడి పెరుగుతుంది," అన్నాడు అల్లుడు.

"ఇప్పుడు ఎంత ఉన్నదో తెలియకుండా ఎంత పెంచుతారు, బాబూ?"

అది మేష్టరు చాదస్తం కాదు. మూడు మంటలకు చాలేటట్టు బిగించిన రెగ్యులేటరు, రెండు ఆర్పగానే మూడో దానిపై అధిక ఒత్తిడిని తోస్తుంది. మంట బర్నరును విడిచి పైకి లేస్తుంది. ఆరిపోతే పచ్చి వాయువు గదిలోకి చేరుతుంది. గాలికన్న ఒకటిన్నర రెట్లు బరువైన ప్రొపేన్ నేలబారున పరచుకుంటుంది. అందుకే ఆ బండ్లలో దానిని పసిగట్టే పరికరాన్ని నేలకు దగ్గరగా బిగిస్తారు.

పసిపిల్ల వణుకుతున్నది. వెలిగే ఆ ఒక్క బర్నరునైనా తెల్లవార్లూ ఉంచుదామని అందరికీ అనిపించింది. వాయువు కారితే కలిపిన మందు వాసన హెచ్చరిస్తుంది గాని, మూసిన గదిలో సరిగా కాలని మంట నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు ఏ వాసనా లేదు. కూతురే లేచి పొయ్యి ఆర్పింది. మాస్టారు సిలిండర్లు రెండూ కట్టి వచ్చారు. ఉన్న రగ్గులన్నీ ఒక్కచోట చేర్చి, పిల్లను నడుమ పడుకోబెట్టుకుని, అయిదుగురూ ఒకే పక్క మీద రాత్రి గడిపారు. తెల్లవారేసరికి కిటికీ అద్దాలకు లోపలి వైపున మంచు పేరుకుని ఉన్నది.

130 కిలోమీటర్ల దూరాన ఉన్న ఫ్లాగ్‌స్టాఫ్‌లో మరమ్మతు దుకాణం దొరికింది. అక్కడి మెకానిక్కు తెచ్చిన కొలత సాధనాన్ని చూసి మాస్టారి ముఖం వికసించింది. నీరు నింపిన యు ఆకారపు గాజుగొట్టం! బడిలో ముప్ఫై ఏళ్లు పిల్లలకు చూపించినది అదే. మంటలేవీ లేనప్పుడు నీరు 12 అంగుళాలు చూపింది. రెండు బర్నర్లు, ఫర్నేసు ఒకేసారి పెట్టేసరికి 6కు పడిపోయింది.

పాత రెగ్యులేటరును విప్పి వంచితే పసుపుపచ్చని జిడ్డు నాలుగు చుక్కలు కారింది. రబ్బరు గొట్టాల నుంచి ఊరే నూనె పదార్థం అలా చేరుతుందట. గొట్టాలతో సహా కొత్తది బిగించి, రంధ్రం నేలవైపుకు తిప్పి, అతుకులన్నిటికీ సబ్బునీరు పూశారు. ఎక్కడా బుడగ లేవలేదు. అన్నీ ఒకేసారి వెలిగించారు. గొట్టంలో నీరు ఒక్క క్షణం ఊగి, 11 వద్ద నిలిచింది.