బూట్ అవ్వని ల్యాప్‌టాప్, తవుడు బాకీలు

సాఫ్ట్‌వేర్ ఉద్యోగం అనగానే ఊళ్ళో వాళ్ళకి ఒక నమ్మకం ఉంటుంది, కరెంటుతో నడిచే ప్రతిదీ మనకి బాగుచెయ్యడం వచ్చని. ప్రింటర్ కాగితం మింగేసినా, సెట్ టాప్ బాక్సులో బొమ్మ రాకపోయినా "ఒరేయ్ బాబూ, ఓసారి ఇలా రా" అంటారు. నేను రోజంతా చేసేది ఎవరో రాసిన జావా కోడ్‌కి ఇంకెవరో చెప్పిన మార్పులు చెయ్యడమే అని చెప్తే నమ్మరు. మొన్న సంక్రాంతికి ఉంగుటూరు వెళ్ళినప్పుడు మాత్రం పిలిచింది పక్కింటివాళ్ళు కాదు, మా అమ్మ.

"నాన్న ల్యాప్‌టాప్ ఓసారి తెరిచి చూడరా. లెక్క కావాలి."

సంగతేంటంటే, నేను దిగిన రోజు పొద్దున్నే కొల్లేరు లంకల నుంచి ఒకాయన వచ్చాడట. నాన్న దగ్గర చేపల చెరువుకి తవుడు అరువు తీసుకెళ్ళేవాడు. ఇప్పుడు కూతురికి సంబంధం కుదిరింది, పెళ్ళిలోపు బాకీలన్నీ తేల్చేసుకుంటున్నాడు. "నా గుర్తు ముప్ఫై ఎనిమిది వేలండీ. లెక్క మీ దగ్గరుంటది గదా, చూసి చెప్పండి, ముక్కనుమనాడు వచ్చి ఇచ్చేత్తాను" అని చెప్పి వెళ్ళాడు. నాన్న 2021 మేలో పోయారు. ఇన్నాళ్ళూ అడగని బాకీ, తనంతట తానే వచ్చింది.

నాన్నది తవుడు వ్యాపారం. గూడెం (తాడేపల్లిగూడెం అని మేం ఎప్పుడూ పూర్తిగా అనం) మిల్లుల్లో తవుడు ఎత్తడం, కొల్లేరు వైపు శీలావతి, బొచ్చె పెంచే చెరువులకి తోలడం. డబ్బులు చేపల పట్టుబడి అయ్యాకే. అంటే వ్యాపారం మొత్తం అరువు మీదే. మొదట్లో లెక్కలన్నీ పొడుగాటి పుస్తకాల్లో ఉండేవి. 2006లో ఆపరేషన్ కొల్లేరు అని ప్రభుత్వం చెరువు గట్లు కొట్టించినప్పుడు ఆ పుస్తకాల్లో చాలా పేజీలు ఇక వసూలు కావని తేలిపోయింది. మిగిలిన పుస్తకాలు కొన్ని చెదలు తిన్నాయి.

ల్యాప్‌టాప్ అక్కది. 2008లో నూజివీడు, బాసర, ఇడుపులపాయల్లో ట్రిపుల్ ఐటీలు పెట్టారు గుర్తుందా, పదో తరగతి మార్కులతో సీటు, ఆరేళ్ళ చదువు. అక్క నూజివీడు మొదటి బ్యాచ్. అక్కడ ఇచ్చిన ల్యాప్‌టాప్ తనతో పాటు ఇంటికొచ్చింది. మా ఇంట్లోకి వచ్చిన మొదటి కంప్యూటర్ అదే. నేను సీ ప్రోగ్రాములు నేర్చుకుందీ దాని మీదే, రోడ్ రాష్ ఆడిందీ దాని మీదే. అక్కకి ఉద్యోగం వచ్చి ఆఫీసు ల్యాప్‌టాప్ ఇచ్చాక ఇది నాన్న సొంతమైపోయింది. ఎక్సెల్ షీటులో, ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు, ఒక్క చూపుడు వేలితో కొట్టుకునేవారు. రాత్రి అన్నం తిన్నాక అదే పని. ఇంజనీరింగ్ రోజుల్లో నేను నవ్వేవాడిని కూడా, డేటాబేస్ చేసిపెడతాను నాన్నా అని. చెయ్యలేదనుకోండి, అది వేరే విషయం.

బీరువా కింద నుంచి తీసి, దుమ్ము దులిపి, ఛార్జర్ పెట్టి నొక్కాను. లైటు వెలిగింది, ఫ్యాన్ తిరిగింది, కంపెనీ లోగో వచ్చింది. తర్వాత నల్ల తెర మీద తెల్ల అక్షరాలతో ఏదో రెండు లైన్లు, కింద ఎఫ్1 నొక్కమని. నొక్కాను. ఎక్స్‌పీ బొమ్మ కనపడింది. హమ్మయ్య అనుకునేలోపు నీలం రంగు తళుక్కుమని మెరిసి, మళ్ళీ కంపెనీ లోగో. మళ్ళీ ఎఫ్1, మళ్ళీ ఎక్స్‌పీ, మళ్ళీ మెరుపు. పది సార్లు చూశాను, పది సార్లూ అంతే.

మర్నాడు అందరూ చెప్పే చిట్కాలన్నీ అయిపోయాయి. బ్యాటరీ పీకేసి, పవర్ బటన్ అరనిమిషం నొక్కి పట్టుకోవడం. వెనక మూత విప్పి, ర్యామ్ తీసి, దాని పసుపు పళ్ళని పెన్సిల్ రబ్బరుతో రుద్ది మళ్ళీ పెట్టడం. (మా వైపు తేమకి ఇది చాలాసార్లు పనిచేస్తుంది. అసలు తెర మీద బొమ్మే రాకపోతే ముందు చెయ్యాల్సింది ఇదే.) కానీ నాకు బొమ్మ వస్తోంది, ర్యామ్ బాగానే ఉందన్నమాట. ఆ మాత్రం ఆలోచించకుండా రెండు సార్లు రుద్దాను.

సాయంత్రం ఏలూరు తీసుకెళ్ళాను. షాపతను ఆన్ చేసి, రెండు సార్లు రీస్టార్ట్ అవడం చూసి, "హార్డ్ డిస్క్ పోయింది సార్. ఎస్ఎస్‌డీ వేసి కొత్త విండోస్ ఎక్కిస్తా. డేటాకి గ్యారంటీ లేదు. పండగ అయ్యాక రండి" అన్నాడు. నిజం చెప్పొద్దూ, ఇచ్చేద్దామనే అనుకున్నాను. మనం కూడా ప్రొడక్షన్‌లో ఏదైనా పడిపోతే ముందు రీస్టార్ట్, తర్వాత రీడిప్లాయ్ అంటాం కదా, అదే బుద్ధి. పండగకొచ్చిన అక్క ఫోన్‌లోనే తిట్టింది. "నీకు కావాల్సింది ల్యాప్‌టాపా, నాన్న షీటా? డిస్కు అక్కడ పెట్టకు, తెచ్చెయ్." తెచ్చేశాను.

డిస్కు విప్పి యూఎస్‌బీ కేసింగ్‌లో పెట్టి ఇంకో కంప్యూటర్‌కి తగిలిస్తే సగం సంగతి తెలిసిపోయేది. కానీ భోగి నుంచి కనుమ దాకా షాపులు మూసేస్తారు, కేసింగ్ దొరకలేదు. దొరికినా లాభం లేదు, మా ఇద్దరి ఆఫీసు ల్యాప్‌టాపుల్లో యూఎస్‌బీ స్టోరేజీ బ్లాక్. అందుకే లినక్స్ పెన్‌డ్రైవ్ చేసుకునే దారీ లేదు. ఇంట్లో ఇద్దరు ఇంజనీర్లు, ఒక్క పెన్‌డ్రైవ్ తెరిచే హక్కు లేదు :-)

భోగి రోజంతా ఒక తప్పుడు దారిలో పోయింది. సేఫ్ మోడ్‌లో పెడితే డ్రైవర్ల పేర్లు వరసగా దిగుతూ వచ్చి "మప్ డాట్ సిస్" అనే లైను దగ్గర ఒక్క క్షణం ఆగి రీస్టార్ట్ అయ్యేది. ఫోన్‌లో వెతికితే ఆ ఫైలు పేరు మీద బోలెడంత ఏడుపు. ఒకడు దాన్ని డిలీట్ చెయ్యమంటాడు, ఒకడు చెక్‌డిస్క్ కొట్టమంటాడు, ఒకడు ఫార్మాట్ ఒక్కటే దారంటాడు. మధ్యాహ్నం గారెలు తింటుంటే తట్టింది. తెర మీద చివర కనపడిన ఫైలు సరిగ్గా లోడ్ అయినట్టే కదా! చచ్చింది దాని తర్వాత జరగాల్సిన పని. లాగ్‌లో చివరి లైను చూసి దాన్నే తప్పుపట్టడం మా టీమ్‌లో కొత్తగా చేరిన పిల్లలు చేస్తే నేను క్లాసు పీకుతాను. ఇంకో మాట, డిస్కు మీద అనుమానం ఉన్నప్పుడు చెక్‌డిస్క్ జోలికి పోకండి. అది డిస్కు మీద రాస్తుంది. పోతున్న డిస్కులో ఉన్నది కూడా పోతుంది. ముందు కాపీ, తర్వాతే రిపేరు.

సంక్రాంతి నాడు బుద్ధిగా కూర్చున్నాను. ఆ నీలం తెర మీద ఏం రాసుందో చదవాలి. బూట్ అయ్యేటప్పుడు ఎఫ్8 కొడితే వచ్చే మెనూలో, ఫెయిల్ అయితే ఆటోమేటిక్‌గా రీస్టార్ట్ అవ్వకుండా ఆపే ఆప్షన్ ఒకటుంటుంది. అది పెట్టగానే నీలం తెర కదలకుండా నిలబడింది. స్టాప్ కోడ్ సెవెన్‌బీ. అంటే విండోస్ మొదలై, తాను ఏ డిస్కు మీద ఉందో ఆ డిస్కే దానికి కనపడక ఆగిపోయింది. ఇక్కడ ఒక విచిత్రం ఉంది. డిస్కు నిజంగా పోతే అసలు ఎక్స్‌పీ బొమ్మ కూడా రాకూడదు, అదీ డిస్కులోంచే రావాలి. డిస్కు మోటార్ చప్పుడు కూడా నునుపుగానే ఉంది, టకటకలేమీ లేవు.

ఆ పక్కనే కూర్చున్న మేనల్లుడికి ఏడేళ్ళు. కనపడిన ఇంగ్లీషు ముక్కల్లా పైకి చదివే వయసు. రీస్టార్ట్ చేస్తే వాడు కూడబలుక్కుని చదివాడు. "మావయ్యా, డేట్ అండ్ టైమ్ నాట్ సెట్."

మూడు రోజులుగా నేను చదవకుండా ఎఫ్1 కొట్టి దాటేస్తున్న లైన్లు అవి. యూజర్లు ఎర్రర్ మెసేజ్ చదవరని ఆఫీసులో జోకులేసుకునే మనిషిని.

ఎఫ్2 నొక్కి బయోస్‌లోకి వెళ్తే తేదీ 2008 జనవరి 1. లోపల బొత్తాం అంత సెల్లు ఒకటుంటుంది, సీఆర్2032, 3 వోల్టులు. ల్యాప్‌టాప్ కరెంటులో ఉన్నంతసేపూ దాని మీద భారం ఉండదు. ఏళ్ళ తరబడి బీరువా కింద పడేస్తే గడియారాన్ని అదొక్కటే మోయాలి. అది అయిపోతే తేదీతో పాటు బయోస్‌లో మనం మార్చుకున్న సెట్టింగులు కూడా ఎగిరిపోయి ఫ్యాక్టరీవి వచ్చేస్తాయి. అప్పుడు అక్క వంటింట్లోంచి అంది, "ఎక్స్‌పీ వేసినప్పుడు డిస్కు దొరకట్లేదంటే మా ఫ్రెండ్ బయోస్‌లో ఏదో మార్చిందిరా."

అదీ సంగతి. సాటా డిస్కుతో మాట్లాడటానికి రెండు పద్ధతులు, పాత ఐడీఈ, కొత్త ఏహెచ్‌సీఐ. ఎక్స్‌పీ 2001లో వచ్చింది, దాని సీడీలో ఏహెచ్‌సీఐ డ్రైవర్ లేదు. అందుకని అప్పట్లో చాలామంది బయోస్‌లో ఐడీఈకి మార్చి ఎక్స్‌పీ వేసుకునేవారు. సెల్లు చచ్చిపోయి బయోస్ మళ్ళీ ఏహెచ్‌సీఐకి వెళ్ళిపోయింది. బొమ్మ వచ్చేదాకా డిస్కు చదివేది బయోస్, దానికి ఏ పద్ధతైనా ఒకటే. ఆ తర్వాత విండోస్ సొంత డ్రైవర్‌తో పిలుస్తుంది, దాని భాష డిస్కుకి అర్థం కాదు. డిస్కు శుభ్రంగా ఉంది!

ఐడీఈ పెట్టి, సేవ్ చేసి, ఎంటర్ కొట్టాను. ఎక్స్‌పీ బొమ్మ, పచ్చ కొండ, డెస్క్‌టాప్. అక్క పెట్టిన ఫోల్డర్లు, వాటి మధ్యలో "తవుడు" అని ఒక ఫైలు. అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది. సరిగ్గా అప్పుడు కరెంటు పోయింది. పాత బ్యాటరీ ఎప్పుడో చచ్చింది, తెర నల్లబడింది.

వెధవ కరెంటు అని తిట్టుకున్నాను గానీ, నా లెక్క సరైనదేనని రుజువు చేసింది అదే. కరెంటు వచ్చాక ఆన్ చేస్తే మళ్ళీ 2008 జనవరి, మళ్ళీ ఏహెచ్‌సీఐ, మళ్ళీ సెవెన్‌బీ. మార్చగానే మళ్ళీ పచ్చ కొండ. ఈసారి ముందు ఫైళ్ళన్నీ అక్క బ్యాగులో ఉన్న పెన్‌డ్రైవ్‌లోకి, ఓటీజీతో అక్కడి నుంచి ఫోన్‌లోకి కాపీ చేసి, అప్పుడు షీటు తెరిచాను.

(ఇది పాత ఎక్స్‌పీ గోలే అనుకోకండి. ఇప్పటి విండోస్‌లో కూడా బయోస్‌లో రైడ్‌కీ ఏహెచ్‌సీఐకీ మధ్య మారిస్తే ఇదే తంటా రావచ్చు. పైగా బిట్‌లాకర్ ఉంటే రికవరీ కీ అడుగుతుంది, అది ఎక్కడుందో ముందే చూసుకోండి.)

ఆయన పేరు దగ్గర బాకీ 38,000 కాదు, 61,500. చివరి లోడు 2020 అక్టోబరు. ఆ నెల వానలకి కొల్లేరు పొంగింది. పక్క గడిలో నాన్న కొట్టుకున్న మూడు ముక్కలు: "గట్టు తెగింది. అడగొద్దు."

అడగొద్దంటే? పూర్తిగా వదిలేశారా, వచ్చే పట్టుబడి దాకానా? నేను రెండోదే అన్నాను. ఎంత వదిలేశారో రాయలేదు, బాకీ కొట్టెయ్యలేదు కూడా. అమ్మ మొదటిదే అంది. "అడగొద్దు అని రాసుంది కదరా, చదవడం రాదా?" రెండు రోజులు వాదించుకున్నాం. అక్క ఎటూ చెప్పలేదు.

ఆయన ముక్కనుమనాడు చెప్పిన టైముకే వచ్చాడు. అరుగు మీద కూర్చుని, మంచినీళ్ళు తాగి, సంచిలోంచి నోట్లు తీసి ముప్ఫై ఎనిమిది వేలు లెక్కపెట్టాడు. "చూశారా బాబూ లెక్క?" అన్నాడు. "చూశానండీ" అన్నాను. అమ్మ నా వంక చూసింది. "సరిపోయిందాండీ?" "ఆయ్, సరిపోయిందండీ." ఆయనకి నిజంగా అంతే గుర్తుందా, నాన్న ఆయనతో ఏమన్నా అన్నారా, అడగాలని నోటిదాకా వచ్చింది. అడగలేదు. శుభలేఖ తర్వాత పంపిస్తానని చెప్పి వెళ్ళిపోయాడు.

నిజానికి ఆ పూట నా బుర్ర అక్కడ లేదు. ముందురోజు రాత్రి అదే ఫైలులో రెండో షీటు చూశాను. "ఇవ్వాల్సినవి." అందులో గూడెం మిల్లు ఒకటి, 84,000. కింద జమ ఏదీ లేదు. ఇన్నేళ్ళలో ఆ మిల్లు ఆయన ఒక్కసారి కూడా ఫోన్ చెయ్యలేదు. నాన్న కార్యానికి వచ్చాడు, భోజనం చేసి వెళ్ళాడు.

అమ్మకి చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆ నోట్లు రుమాలులో చుట్టి నా చేతికిచ్చింది. "మిగతాది నీ దగ్గర ఉందా?" అంది. ఫోన్‌లో చూపించాను. "అయితే రేపు పొద్దున్నే గూడెం వెళ్దాం. ఆయన తొమ్మిదింటికల్లా మిల్లులో ఉంటాడు" అంది.

వైరు ఉన్న సీఆర్2032 సెల్లు ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టాను. అది వచ్చేదాకా ఛార్జర్ తియ్యొద్దని అమ్మకి చెప్పి వచ్చాను.