టులెట్ యాడ్‌లో ఏం రాయాలి?

పై పోర్షన్ ఖాళీ అయింది. పొద్దున ఆన్‌లైన్‌లో యాడ్ పెడదామని కూర్చుంటే, బోర్డు చూసి ఒకమ్మాయి గేటు దగ్గర ఆగింది.

"ఆంటీ, యాడ్‌లో లిఫ్ట్ ఉందంటే మొన్న ఒకచోటికి వెళ్లాం. నాలుగో అంతస్తు. లిఫ్ట్ పనిచేయట్లేదు. నాన్నకేమో మోకాళ్ల నొప్పులు" అంది.

మనసు చివుక్కుమంది.

"విశాలమైన టూ బీహెచ్‌కే, ప్రైమ్ లొకేషన్" అని యాడ్ పెడితే ఎవరికేం తెలుస్తుంది?

అందుకే ఇలా రాశా:
రెండో అంతస్తు, లిఫ్ట్ లేదు.
మంజీరా నీళ్లు రోజు విడిచి రోజు, బోరు ఎప్పుడూ.
కరెంటు మీటరు విడిగా. మెయింటెనెన్స్ అద్దెలోనే.
బైక్‌కి చోటుంది, కారుకి లేదు.
అడ్వాన్సు రెండు నెలలు. (కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం కూడా ఇళ్లకి అంతకు మించి వద్దనే అంటుంది.)

ఫొటోలు పగటిపూట, కిటికీలు తెరిచి తీశా. బాత్రూమ్, వాష్ ఏరియా కూడా పెట్టా.

ఉన్నది ఉన్నట్టు రాస్తే ఫోన్లు తగ్గొచ్చు. తగ్గనీండి. సెలవు పెట్టుకుని, ఆటోకి డబ్బులు పోసి వచ్చినవాళ్లు ఉసూరుమంటూ వెనక్కి వెళ్లకూడదు.

అద్దె ఇళ్ల కోసం తిరిగినవాళ్లు చెప్పండి, యాడ్‌లో ఏ వివరం ముందే ఉంటే మీకు తిప్పలు తప్పేవి? అదీ చేరుస్తా.